ఇన్నయ్య మాస్టారి గదిలో మోత

గురజాలలో చర్చి పాటలు నేర్పే ఇన్నయ్య మాస్టారికి గోడల మీదే అనుమానం. ఇంటి వెనక ప్రాక్టీసు గదిలో చప్పట్లు కొడితే ఆ మోత ఎంతసేపు నిలిచిందో ఫోన్‌లో యాప్ చెబుతుంది. నిరుడు క్రిస్మస్ ముందు సెకను కూడా నిలవలేదు. ఈ ఏడు చానాసేపు మోగుతోంది. మొన్న ఆదివారం ఒక్కరోజు మళ్లీ తగ్గింది.

మాస్టారు ఫోన్‌ను తిట్టాడు. నాపరాళ్ల గోడలను తిట్టాడు. ఖాళీ మిరప గోతాలు తెచ్చి మేకులకు వేలాడదీశాడు. మోత కొంచెమే తగ్గింది.

మాచర్లలో సౌండ్ సిస్టమ్ షాపు నడిపే మేనకోడలు హెప్సిబా వచ్చి చూసింది.

"గోడలేం మారలా మావయ్యా. మనుషులు, వాళ్ల ఒంటిమీది బట్టలు మోతను పీల్చుకుంటయ్. తగ్గినప్పుడు గదిలో ఎవరున్నారు?"

"నిరుడు పాడేవాళ్లంతా ఉన్నారు. ఆదివారం మీ అత్త జ్ఞాపకార్థ కూడికకి చుట్టాలొచ్చారు."

"మిగతా రోజుల్లో?"

చర్చిలో ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు పెట్టుకుని పాడుతున్నారు. ప్రాక్టీసుకు ఎవరూ రావడం లేదు.

"ఇంకొన్ని గోతాలు కడదామా?" అంది హెప్సిబా, వెళ్లడానికి బ్యాగు తీసుకుంటూ.

"గోతాలెందుకులే. నువ్వు కాసేపు కూర్చోమ్మా, ఎంత తగ్గిద్దో చూద్దాం."