సున్నా మార్కుల జవాబు

నిరుడు ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున రిటైరై జనగామలో ఉంటున్న నా ఇంటికి ఒక అమ్మాయి, ఆమె తండ్రి వచ్చారు. పెద్దవంగర దగ్గరి తండా వాళ్ళది. అమ్మాయి మహబూబాబాద్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం. కూర్చోమన్నా తండ్రి కూర్చోలేదు, గోడవారన నిలబడ్డాడు. అమ్మాయి సంచిలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది.

"సార్, గీ అమెరికా చరిత్ర నోట్సు మీరు చెప్పిందేనట గదా?"

చేతిరాత ఎవరిదో గాని వాక్యాలు నావే. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు మసకబారాయి.

"నాదే," అన్నాను. కొంత గర్వంగానే అన్నాను.

"అయితే మీరే చెప్పున్రి. మీ నోట్సు తప్పా, నా జవాబు తప్పా?"

ఇంటర్నల్ పరీక్ష పేపరు చూపించింది. బానిసత్వం రద్దయ్యాక అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారి స్థితి ఏమిటన్నది ప్రశ్న. ఆమె ఇలా రాసింది: "స్వేచ్ఛ ఇచ్చారు గాని భూమి ఇవ్వలేదు. భూమి లేనివాళ్ళు మళ్ళీ పాత యజమాని చేనుకే పోయారు. మా తండాలో పత్తి పాలుకు చేస్తారు. భూమి ఆసామిది, విత్తనం ఆసామిది, రెక్కలు మావి. పంటలో సగం ఆసామికి పోతుంది. అక్కడ కూడా అట్లనే జరిగింది." పక్కన ఎర్ర సిరాతో సున్నా. దాని కింద "నోట్స్‌లో లేదు" అని.

నా నోట్సులో ఉన్నది ఒకే వాక్యం. "బానిసత్వ నిర్మూలనతో నల్లజాతివారు స్వేచ్ఛను పొంది సుఖజీవనం సాగించిరి."

తండ్రి తమ భాషలో బిడ్డను ఏదో అడిగాడు. ఆమె తెలుగులో నాకు చెప్పింది. "ఇంటర్నల్ తప్పితే పేపరు తప్పినట్టే సార్. గీ యేడు బీఈడీ పోతది. ఇంకో యేడు సదివిపియ్యనంటున్నడు నాయిన."

వాళ్ళు వెళ్ళాక బీరువాలోంచి పాత డైరీలు తీశాను. చరిత్ర లెక్చరరుగా చేరిన రోజు నుంచి ఒక్క రోజూ వదలకుండా రాశాను. ఏ తరగతిలో ఏ పాఠం, ఎన్ని నిమిషాలు, ఎంతమంది హాజరు, అన్నీ ఉన్నాయి. ఆ వాక్యం పుట్టిన రోజు దొరకడానికి గంట పట్టలేదు. భూపాలపల్లిలో పనిచేసిన కాలం. ఆ టర్ములో సగం రోజులు బందులకే పోయాయి. ఆరు అధ్యాయాలు మిగిలాయి, పదకొండు గంటలున్నాయి. "అంతర్యుద్ధానంతర పరిస్థితి: పది నిమిషాలు. నోట్సు చెప్పితిని. సిలబస్ పూర్తి." చివరి రెండు మాటల కింద స్కేలు పెట్టి గీత గీశాను.

ఆ గీత చూస్తే ఒళ్ళు మండింది. పుస్తకంలో ఆ అధ్యాయం ఇరవై పేజీలుంది, నేను చదివాను కూడా. తెలిసి మింగేశాను. తరువాత బందులు లేని సంవత్సరాల్లోనూ అదే చెప్పాను. ఒక్కో వాక్యం రెండుసార్లు, కామాతో సహా. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటుంటే క్రమశిక్షణ అనుకొని మురిసిపోయాను. సమయపాలనను చదువు చెప్పడం అనుకున్న మూర్ఖుణ్ణి.

మరునాడు మహబూబాబాద్ వెళ్ళాను. సున్నా వేసిన కాంట్రాక్టు లెక్చరరు నా పాత విద్యార్థే, చిట్యాల వాడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు.

"ఈ జవాబు చదివినవా?" అని అడిగాను.

"చదివిన సార్. మంచిగనే ఉంది."

"మంచిగుంటే సున్నా ఎందుకేసినవు?"

"సొంత కవిత్వం రాయొద్దని మీరే గద సార్ మాకు చెప్పింది. నేను గిట్ల రాస్తే మీరు ఒక్క మార్కన్న ఏసేటోళ్ళా?"

అతను అన్నది నిజమే. అందుకే గొంతు పెద్దదైంది. ఏం అరిచానో డైరీలో రాసుకోలేదు. అతను మాత్రం నెమ్మదిగానే చెప్పాడు.

"జర సమజ్ చేసుకోండి సార్. రేపు పెద్ద పరీక్ష దిద్దేటోని చేతుల గూడ గీ నోట్సే ఉంటది. నేను దయతోని మార్కులేస్త, ఆయన ఏస్తడా? పిల్ల ఆడ మునుగుతది."

"అయితే నోట్సులో ఆ వాక్యం కొట్టేయించు."

"నేను జెప్తే ఇంటరా? మీ నోట్సు, మీరే కొట్టేయండి."

ఆ అమ్మాయి తరగతికి తీసుకుపోయాడు. ముప్పై మంది దాకా ఉన్నారు. నేనెవరో చెప్పాడు. ఆ వాక్యం అబద్ధమని, ఆ అబద్ధం నాదేనని, కొట్టేయమని చెప్పాను. ముప్పై పెన్నులు ఒక్కసారే గీత కొట్టాయి. ఒక్కరైనా ఎందుకని అడగలేదు. తరువాత పెన్నులు పట్టుకొని నా వైపే చూస్తూ కూర్చున్నారు.

ముందు బెంచీలోని దంతాలపల్లి అబ్బాయి అన్నాడు. "సార్, గా జాగల ఏం రాయాలె? జెప్పున్రి, రాసుకుంటం."

బల్ల మీద చెయ్యి చరిచాను. "నేను చెప్పను. మీరు ఆలోచించండి."

వెనక నుంచి ఎవరో, "ఆలోచిస్తే మార్కులొస్తయా సార్?" అన్నారు. అందరూ నవ్వారు.

నేను ఆ అమ్మాయిని లేపి, రాసింది చెప్పమన్నాను. వింటారని, ఎవరైనా 'మా ఊళ్ళో అట్ల కాదు, ఇట్ల' అంటారని నా ఆశ. ఆమె లేచి నిలబడింది. మొదట నేల చూస్తూ చెప్పినా, పత్తి చేను దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చెప్పింది. ఎవరూ ఆమె ముఖం చూడలేదు. ముప్పై తలలూ పుస్తకాల మీదికి వంగాయి.

"జర మెల్లగ చెప్పు అక్కా," అన్నాడు దంతాలపల్లి అబ్బాయి. "రెక్కలు మావి అన్నంక ఫుల్‌స్టాపేనా?"

లెక్చరరు కూడా వెనక బెంచీలో కూర్చొని రాసుకున్నాడు. గంట కొట్టాక ఆమె పేపరు అడిగి తీసుకొని, సున్నా కొట్టేసి ఇరవైకి పదహారు వేసి సంతకం పెట్టాడు.

"ఇప్పుడు నోట్సుల ఉన్నది గద సార్. ఇంక ఫికర్ లేదు. రేపటికల్ల మూడు జిల్లాల జిరాక్సు షాపులకు పోతది."

ఆ అమ్మాయి బీఈడీ నిలబడింది. నా కోపం మాత్రం దిగలేదు. వరండాలో ఆ అమ్మాయి తన పక్కన కూర్చునే పిల్ల నోట్సు తెరిచి చూస్తూ నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తే, ఏమనుకోవాలో తెలియని ముఖంతో నాకు చూపించింది.

"సార్, గీమెది జనగామ బజారు, తండా గాదు. గీమె గూడ 'మా తండాలో' అనే రాసింది. అందరు గట్లనే రాసిన్రు."