గంధం పూసిన కంప్యూటర్

మధ్యాహ్నం రెండుంబావుకు అన్నం తిని చేతులు కడుక్కుంటుండగా, చిత్తూరులోని మా ఇంట్లో కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. మూడింటికి మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. ఫోనులో కుదరదని, కంప్యూటర్లోనే రావాలని వాళ్ళు ముందే చెప్పారు. అప్పటికి మా ఆవిడ పోయి నెల అయింది.

విప్పి చూస్తే, ప్రాసెసర్ వేడిని లాగే పేస్టు ఎండి పొడిగా రాలుతోంది. దాని మీది లోహపు దిమ్మెను పట్టి ఉంచే క్లిప్పు నా చేతిలోనే విరిగింది. కంప్యూటర్‌కు జ్వరమొచ్చిందంటూ, ఆ పేస్టుకు బదులుగా టూత్‌పేస్టు పూయవచ్చని ఎక్కడో విన్నానంది అమ్మాయి. మా అత్తగారు ఒప్పుకోలేదు.

"యాడన్నా పండ్లపొడి చలవ చేస్తాదా మే? గంధం ఉండాది కదా!"

"అవ్వా, అదేమన్నా ఒళ్ళా?"

"జొరమొచ్చిందంటివే, అయితే ఒళ్ళే."

ఆమె తీసిన గంధమే పూశాను. క్లిప్పు లేదు కనుక బల్ల కింద పడుకుని దిమ్మెను వేలితో అదిమి పట్టుకున్నాను. ఇంటర్వ్యూ మొదలైంది.

కాసేపటికి గంధం ఎండి, దిమ్మె కాలసాగింది. వేలు తీస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ మంట ఓర్చుకున్నాను. కానీ వేడికి గంధం వాసన లేచింది. చివరిరోజు మా ఆవిడ నుదుటికి పూసినప్పటి వాసన. ఏడుపు పొంగుకొచ్చింది. పైన మైకు ఉంది. చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నాను. అమ్మాయి గొంతు కూడా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జవాబు అందుకుంది.

ఉద్యోగం వచ్చింది. తడి ఉన్నంతసేపే గంధం చలవ అని ఆ రోజు తెలిసింది. మా ఇంట్లో ఇప్పుడు గంధం తీయడం లేదు.