పెద్దమ్మ చదివిన దేశం

మా పెద్దమ్మ పోయింది. తను జీవితంలో ఎక్కువ భాగం పనిచేసిన ఆస్ట్రేలియాలోని డార్విన్ ఆస్పత్రిలోనే, వానాకాలం నడిమధ్యలో, తెల్లవారాక పోయింది. బెజవాడలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పేలోపే తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చేసింది. "రష్యాలో వైద్యవిద్య అభ్యసించి, మృదుస్వభావిగా పేరు తెచ్చుకుని, అందరినీ ప్రేమగా పలకరించే డాక్టరమ్మ ఇక లేరు" అని సెక్రటరీ గారు రాశారు. కింద దండాల బొమ్మలు వరస కట్టాయి.

వాక్యం మొత్తం అబద్ధమే. ఆవిడ చదివింది రష్యాలో కాదు. ఆవిడ మృదుస్వభావి అని ఆవిడ దగ్గర ఒక్కరోజు పనిచేసిన నర్సెవరూ అనరు. ప్రేమగా పలకరించడం మాట అటుంచి, సెక్రటరీ గారు షాపులో ఎదురైతే పక్క వరసలోకి తప్పుకునేది. చచ్చిపోయిన మనిషి తిరిగి తిట్టలేదనే ధైర్యంతో జనం ఎంత మాటైనా రాస్తారు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంట కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "నువ్వెందుకు చేసుకున్నావు?" అని ఎదురు ప్రశ్న వేసేది. మా తాతయ్య పార్టీ మనిషి. ఆ రోజుల్లో వ్యానులో సోవియట్ పుస్తకాలు వచ్చేవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చక్కటి తెలుగు. పెద్దమ్మ ఆ పుస్తకాల్లోనే అక్షరాలు దిద్దుకుంది. పెద్దయ్యాక స్కాలర్‌షిప్ మీద మెడిసిన్ చదవడానికి వెళ్ళింది. వెళ్ళిన ఊరు ఖార్కోవ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఖార్కివ్ అంటున్నది. ఇంట్లో, వీధిలో, కాలేజీలో అందరూ "రష్యా వెళ్ళింది" అన్నారు. తనూ అదే అంది. ఆరేళ్ళు అక్కడుండి వచ్చాక కూడా అదే అంది. ఆస్ట్రేలియా వచ్చి, సిడ్నీ డాక్టర్లు రావడానికి వెనకాడే డార్విన్‌లో స్థిరపడ్డాక కూడా అదే.

నేను యూనివర్సిటీలో చేరడానికి వచ్చి ఆవిడ ఇంట్లో దిగాను. ఉద్యోగం వచ్చాక వేరే ఇల్లు తీసుకున్నా ఆదివారాలు అక్కడే గడిచేవి. ఆ ఇంట్లో ఏసీ ఒక్క గదిలోనే ఉండేది. ఆ గది పుస్తకాలది. డార్విన్ వానాకాలంలో గాలికే బూజు పడుతుంది. "మనుషులు చెమట తుడుచుకోగలరు, పుస్తకాలు తుడుచుకోలేవు" అనేది. మేమిద్దరం ఫ్యాను కింద ఉడికిపోతుంటే పుస్తకాలు చల్లగా నిద్రపోయేవి.

ఆవిడకి జనం మీద చిన్నచూపు ఉండేది. దాన్ని దాచాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. "చదవడానికి టైమ్ ఎక్కడిదండీ డాక్టర్ గారూ" అన్నవాళ్ళని, "మరి ఆ సీరియల్ మొత్తం కథ చెప్పారు ఇప్పుడే, దానికి టైమ్ ఎవరిచ్చారు?" అని అడిగేది. ఫోన్‌లో వచ్చినదాన్ని పట్టుకుని ఎవరైనా "నేను చదివాను" అంటే మొహం అదోలా పెట్టి, "అది చదువు కాదు, ఎంగిలి" అనేది.

అలాంటి మనిషి నోటి వెంట "నాకు తెలీదు" అన్న మాట నేను ఒకే ఒక్కసారి విన్నాను.

ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన ఏడాది. టీవీలో ఖార్కివ్ చూపించినప్పుడల్లా పెద్దమ్మ అన్నం కంచం పక్కన పెట్టేది. ఒకరోజు కూలిన మేడ ఒకటి చూపిస్తే, "ఈ వీధిలోంచే లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం" అని మాత్రం అంది. ఎండాకాలం వచ్చాక సెక్రటరీ గారింట్లో బార్బీకి, అదే పెరట్లో మాంసం కాల్చుకునే విందుకి, పిలిచారు. ఆయన పొయ్యి దగ్గర నిలబడి చికెన్ తిప్పుతూ, చికెన్ ఉడికేలోపు యుద్ధం కూడా తేల్చేశాడు.

"అదంతా ఒకటే పీపుల్ కదండీ. లాంగ్వేజ్ ఒకటే, రిలీజియన్ ఒకటే. బ్రదర్స్ కొట్టుకుంటుంటే మధ్యలో అమెరికా వాడొచ్చి... అక్కా, మీరే చెప్పండి, మీరు అక్కడే చదివారుగా!"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పెద్దమ్మ చేతిలోని పేపర్ ప్లేటు వైపు చూసుకుని, "నాకు తెలీదు" అంది.

తిరిగొస్తూ కారులో, మా వీధి మలుపు తిరిగాక అంది: "జార్లందరి పేర్లూ వరసగా చెప్పగలనే నేను. నేను అన్నం తిన్న ఊరు ఎవరిదో చెప్పలేకపోయాను. ఆ వెధవకి తెలీకపోవడంలో వింత లేదు. నాకు తెలీకపోవడం ఏమిటి?"

ఆ వారమే పుస్తకాలు తెప్పించడం మొదలుపెట్టింది. లైబ్రరీలో లేనివి సిడ్నీ లాంటి దక్షిణాది నగరాల నుంచి రప్పించింది. వెయ్యేళ్ళ కిందటి కీయివ్ రాకుమారుల దగ్గర మొదలుపెట్టింది. మంగోలులు, పోలండ్ జమీందార్లు, స్టెప్పీ గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగిన కొసాక్కులు, వాళ్ళ కోటను నేలమట్టం చేయించిన మహారాణి, బానిసల్లా భూమికి కట్టేసిన రైతులు. అధ్యాయం ఆవిడ చదివి నాకిచ్చేది, మరుసటి ఆదివారం ఆర్వోలో, అదే మధ్యాహ్నం పూట, నన్ను నిలదీసేది. నేను రాజుల పేర్లు అప్పజెబితే విసుక్కునేది.

"పేర్లు ఎవడైనా చెబుతాడే. ఆ రాజు పోయాక పొలంలో ఉన్నవాడు ఏ భాషలో ఏడ్చాడో అది చెప్పు."

ఉగాదికి పిలవడానికి సెక్రటరీ గారు ఇంటికొచ్చినప్పుడు ఆవిడ సిద్ధంగా ఉంది.

"ఒకటే లాంగ్వేజ్ అన్నావు కదయ్యా ఆవేళ. ఎక్కడ చదివావు?"

"అంటే... ఏదో ఫార్వర్డ్ వచ్చిందక్కా. ఆల్మోస్ట్ సేమ్ అంట."

"ఢిల్లీలో నిన్ను మద్రాసీ అంటే ఏం చేసేవాడివి?"

"మండేదక్కా! మన భాష వేరు, మన స్టేట్ వేరు..."

"తెలుగు వేరే భాష కాదు, అరవంలో ఒక యాస, కాబట్టి తెలుగులో పుస్తకాలు అచ్చు వెయ్యకూడదని ఎవడైనా ఆర్డరు వేస్తే?"

"అలా ఎలా వేస్తారక్కా?"

"వాళ్ళకి వేశారు. జారు వేశాడు. కాఫీ చల్లారిపోతోంది, తాగి వెళ్ళు."

ఆయన తాగి వెళ్ళాడు. ఆయన ఏమైనా నేర్చుకున్నాడని నేననుకోను.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి కరువు అధ్యాయం వచ్చిన ఆదివారం మాత్రం ఆవిడ నన్నేమీ అడగలేదు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాకపోతే నేనే వెళ్ళాను. సింకు దగ్గర ఊరికే నిలబడి ఉంది.

ఖార్కివ్ హాస్టల్లో తలుపు దగ్గర కూర్చునే ముసలావిడ ఉండేదట. అందరూ బాబూస్యా, అంటే మామ్మా, అనేవాళ్ళు. పిల్లలు తిని లేచాక బల్ల మీద రాలిన రొట్టె పొడిని అరచేత్తో తుడిచి, ఎవరూ చూడకుండా నోట్లో వేసుకునేదట. మనవాళ్ళు చాటుగా చూసి నవ్వుకునేవాళ్ళు.

"పిసినారిది అనుకున్నామే. ఆ కరువు నాటికి ఆవిడ చిన్నపిల్ల అయుంటుంది. సోవియట్ సర్కారు వాళ్ళు గింజల్ని ఇంట్లోంచి ఊడ్చుకుపోయారు, పొలంలో రాలిన కంకి ఏరుకున్నా నేరమే అన్నారు. లక్షలమంది పోయారు. మేమున్న ఆరేళ్ళలో ఒక్కమాట అనలేదు మాతో."

"మీరు అడిగారా పెద్దమ్మా?"

"ఆ కరువు మాట ఎవరూ ఎత్తకూడదు అప్పుడు. అయినా అడిగేవాళ్ళం కూడా కాదులే. ఆ దేశం గురించి మాకంతా తెలుసనుకుని వెళ్ళాం. బెజవాడలో చదివేసి వెళ్ళాం కదా."

ఆ ఏడాది చివర్లో వాళ్ళ బ్యాచ్ వాళ్ళు సిడ్నీలో కలుసుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు "రష్యా బ్యాచ్". పిలిచింది అక్కడే పారమట్టా పేటలో పెద్ద పేరున్న డాక్టరు అంకుల్. పెద్దమ్మకి ఆయన ప్రాణస్నేహితుడు. మొదటి చలికాలంలో ఆవిడకి న్యుమోనియా వస్తే రాత్రింబవళ్ళు పక్కన కూర్చుని సూప్ తాగించినవాడు. పెద్దమ్మ "ఒరేయ్" అని పిలిచే ఒకే ఒక్క మనిషి. నన్నూ తోడు తీసుకెళ్ళింది. పొద్దున్నే హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళి, పులిహోర తిని, మధ్యాహ్నానికి ఆయన ఇంటికి చేరాం. పాత పాటలు, పాత ఫోటోలు. అందరూ తలలు నెరిసిన పెద్ద డాక్టర్లు. మాటల మధ్యలో ఎవరో "ఒరేయ్, బాబూస్యాని చెయ్యరా!" అన్నారు.

అంకుల్ లేచాడు. నడుం వంచి, దొంగచూపులు చూస్తూ, బల్ల మీద పొడి తుడిచి నోట్లో వేసుకున్నాడు. బాగా చేశాడు, ఏళ్ళ తరబడి చేసిన అలవాటులా ఉంది. ఇల్లంతా నవ్వులు.

"ఆపరా" అంది పెద్దమ్మ.

నవ్వులు తగ్గాక ఆ కరువు సంగతంతా చెప్పింది. గొంతు పెంచలేదు. ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. ఒకావిడ "అయ్యో పాపం" అని బిర్యానీ వడ్డించడం మొదలుపెట్టింది.

"అబ్బా, ఇన్నేళ్ళకి సరదాగా కలిశాం, ఇవాళ పాలిటిక్స్ ఎందుకమ్మా?" అన్నాడు అంకుల్.

"పాలిటిక్స్ కాదురా అది. ఆకలి."

"ఉచితంగా చదువు చెప్పి, డాక్టర్లని చేసి పంపించిన దేశాన్ని ఇప్పుడు తిడదామంటావా?"

"ఎవరు చెప్పారురా చదువు? మనం తిన్న రొట్టె ఎవరు పండించారు? అదైనా తెలుసుకోవా?"

పెద్దమ్మ చెప్పులు వేసుకుంది. మేము ట్రైనెక్కాం. అంతమంది చదువుకున్నవాళ్ళ మీద నాకంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. చదువు వాళ్ళకి గోడ మీద వేలాడే ఫ్రేము, అంతే. పెద్దమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "వాడు సూప్‌లో మిరియాలు ఎక్కువ వేసేవాడే" అంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

ఆయన తర్వాత ఫోన్ చేశాడు. ఒక పుస్తకం పేరు చెప్పి, "చదివి అప్పుడు చెయ్యి" అని పెట్టేసింది. ఆ ఫోన్ మళ్ళీ మోగలేదు.

నేను మాత్రం తేలికగా తప్పించుకున్నానని అనుకోకండి. ఉక్రెయిన్ వాళ్ళ కష్టాలు చదివీ చదివీ నాకు వాళ్ళంతా దేవతల్లా కనిపించడం మొదలైంది. అక్కడి గుంపులే యూదుల ఇళ్ళ మీద పడి చంపిన పేజీలు వచ్చినప్పుడు, "ఇది వదిలేద్దాం పెద్దమ్మా, ఇప్పుడు వాళ్ళే బాధల్లో ఉన్నారు" అన్నాను. కళ్ళజోడు తీసి నన్ను చూసిన చూపు సెక్రటరీ గారిని చూసే చూపే.

"బాధపడ్డవాళ్ళందరూ పుణ్యాత్ములై ఉండాలా నీకు? అయితే పురాణం తెచ్చుకుని చదువుకో, హాయిగా ఉంటుంది. ఇది మనుషుల సంగతి."

ఆ పేజీలు నాచేత రెండుసార్లు చదివించింది.

దహనానికి అంకుల్ సిడ్నీ నుంచి వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "నన్ను క్షమించకుండానే పోయింది కదమ్మా" అన్నాడు.

"ఆవిడ మిమ్మల్ని క్షమాపణ చెప్పమనలేదంకుల్. చదవమంది."

"కొన్నానమ్మా ఆ బుక్కు. తెరవాలంటే భయమేసింది" అన్నాడు. ఆయన మీద నా కోపం పోలేదు. కానీ ఆ గుంపులో ఆవేళ నిజం మాట్లాడింది ఆయనొక్కడే.

ఇక ఆవిడ దగ్గర నేను చదివిన చివరి పాఠం. ఆస్పత్రిలో ఆఖరి రాత్రి అది. ఊపిరితిత్తులు పూర్తిగా చేతులెత్తేశాయి. మాస్కు పెట్టారు. వాన కిటికీని బాదుతోంది. పుస్తకం పట్టుకునే ఓపిక లేక నన్ను చదవమని సైగ చేసింది. ఉక్రెయిన్ మధ్యగా పారే ద్నీప్రో నది గురించిన అధ్యాయం. ఒకప్పుడు ఆ నది మధ్యలో పెద్ద రాళ్ళ వరసలు ఉండేవి, నీళ్ళు వాటి మీద నుంచి హోరుమంటూ దూకేవి. వాటిని దాటినవాడినే కొసాక్కు అనేవారట. తర్వాత ఆనకట్ట కట్టారు, అవన్నీ మునిగిపోయాయి. మిగిలినవి ఆ రాళ్ళ వరసల పేర్లే.

"ఈ పేర్లు దాటేసి ముందుకెళ్ళనా?" అన్నాను.

మాస్కు పక్కకి జరిపింది. "శ్రీశైలం కింద మునిగిన ఊళ్ళు నాలుగు చెప్పు చూద్దాం."

నాకు ఒక్కటీ రాలేదు.

"అదీ సంగతి. చదువు."

చదివాను. నెనసిటెత్స్ అన్న పేరు దగ్గర తడబడ్డాను. మళ్ళీ మాస్కు జరిపి సరిగ్గా పలికి, "ఎంత మింగినా తృప్తి లేనిది అని అర్థం. మొద్దూ" అంది. ఆఖరి దాని పేరు విల్నీ. స్వేచ్ఛగలది. దాని తర్వాత నది మామూలుగా పారుతుందట. అది కూడా చదివి పుస్తకం మూయబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నర్సు వచ్చి మాస్కు సరిచేసి, ఇక మాట్లాడవద్దని చెప్పి వెళ్ళింది.

నేను మళ్ళీ మొదటి రాయి దగ్గర మొదలుపెట్టాను. పెద్దమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తెల్లటి దుప్పటి మీద ఆవిడ చూపుడువేలు, నేను ఒక్కో పేరు పలికినప్పుడల్లా, కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతూ ఉంది.