ఉప్పు గొడౌనులో మార్తా మేడమ్

పక్కింటివాళ్లు గోడలకు సున్నం వేయించుకుంటున్నారు. డ్రమ్ములో నీళ్లు పోయగానే సున్నపురాళ్లు బుసబుసమని ఉడికాయి. ఆ వేడి, గొంతులోకి దిగే ఆ ఘాటు కిటికీలోంచి మా వంటగది దాకా వచ్చాయి. పొయ్యి మీద కూర మాడుతున్నా నేను కదల్లేదు. మార్తా మేడమ్ ఉండుంటే ఈ వాసనకి నేరుగా వాళ్లింట్లోకి వెళ్లి, "ఏ గోడ, సూపించండి" అనేవారు. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆమె గురించి రాయమని నా కూతురు చాలా రోజులుగా అంటోంది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంతవరకు ఇంత పెద్దగా ఏదీ రాయలేదు. తప్పులుంటే నావి. వాటివల్ల ఆమె మీకు తప్పుగా కనబడతారేమోనన్నదే నా భయం.

మేడమ్‌ది శ్రీకాకుళం, బాప్టిస్టు చర్చి కుటుంబం. విజయనగరంలో ఒక కాలేజీలో ఇంటీరియర్ డిజైన్ చెప్పేవారు. గదుల లోపల ఏది ఎక్కడ ఉండాలి, వెలుతురు ఎటు రావాలి, అలాంటి చదువు. కానీ కాలేజీ పిల్లల చేత కొత్త ఇళ్లు గీయించేవారు కాదు. మూతబడిన బిల్డింగు ఒకటి చూపించి, దీన్ని కూలగొట్టకుండా ఇంకో పనికి మార్చండి అనేవారు. అదే పాఠం, అదే పరీక్ష. అలా ఒక ఏడాది ఎండలు ముదరకముందు మా ఊరు నౌపడ వచ్చారు. మా ఉప్పు మడుల పక్కనున్న పాత గొడౌనుకి పన్నెండు మంది కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చారు. అందులో ఉప్పు పోయడం ఎప్పుడో మానేశారు. దూలాలు, పెంకులు విప్పి అమ్మేద్దామని మడుల షావుకారు చూస్తున్నాడు. మడుల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని పగటిపూట ఉంచే చోటుగా దీన్ని మార్చి చూపిస్తాం, నచ్చితే ఉంచండి అని మేడమ్ ఆయన్ని ఒప్పించారు. దసరా దాకా గడువిచ్చాడు. అప్పటికి నా కూతురికి రెండేళ్లు. గట్టు మీద గోనెపట్టా నీడలో పడుకోబెట్టి నేను మడిలో దిగేదాన్ని. ఆ గొడౌను నిలబడితే నా పిల్లకి తల మీద కప్పు ఉంటుంది. నాకు కావలసిందల్లా అదే.

నీళ్లు మోయడానికి, టేపు రెండో కొస పట్టుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. మొదటి రోజు కాలేజీ పిల్లలు టేపులు తీయబోతే మేడమ్ మళ్లీ సంచిలో పెట్టించేశారు. "ఎవరికి నచ్చిన సోట వాళ్లు కూర్చోండి. ఉండలేకపోతే లేచి ఇంకో సోటికి మారండి. ఇవాళ్టి పని ఇంతే" అన్నారు. స్వాతి అనే అమ్మాయి, "దీనికి మార్కులెన్ని మేడమ్?" అంది. "ఎంత సెమట పడితే అన్ని" అన్నారామె. మధ్యాహ్నమయ్యేసరికి ఒక్కొక్కరే జరిగి జరిగి పన్నెండు మందీ ఉత్తరం తలుపు పక్క మూలకి చేరారు. గాలి తిరిగేది అక్కడే మరి. "సూసేరా, సంటి గుంటల్ని పడుకోబెట్టే సోటు దొరికింది" అన్నారు మేడమ్. బిందె దించుతున్న నాకు నవ్వాగలేదు.

"ఏటే గౌరీ, నవ్వుతన్నావు?"

"ఏటీ నేదు మేడమ్. ఆ మూల రోజూ మావు అన్నాలు తినీ సోటే."

"ఓలమ్మా! మరి పొద్దున్నే సెప్పొచ్చు కదే. ఈళ్లందరూ ఉడికిపోయేరు."

"మీరు అడగనేదు కదా."

పిల్లలు పగలబడి నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఏ కిటికీ దగ్గర ఆగినా, ఏ గుమ్మం కొలిచినా, "గౌరీ, నువ్వేటంటావు?" అని అడిగేవారు. అడిగి వెళ్లిపోయేవారు కాదు. నేను నోరు తెరిచేదాకా అక్కడే నిలబడేవారు. నన్ను అలా నిలబడి అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. మా ఇంట్లో కూడా లేరు.

కాగితం మీద ప్లాను చూడటం కూడా ఆమే నేర్పారు. ఎంతసేపు చూసినా నాకది గీతల్లాగే ఉంది. "నువ్వు గద్దవనుకో. పైనుంచి సూస్తే మీ మడులు ఎలగ కనిపిస్తాయి?" అన్నారు. గళ్లు గళ్లుగా ఉంటాయన్నాను. "ఇదీ అంతే. కప్పు తీసేసి పైనుంచి సూడు." కాసేపటికి ఉత్తరం తలుపు మీద నా వేలు ఆగింది. "దొరికిందర్రా దానికి!" అని ఆమె అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

స్వాతి కాగితం మీద గోడలన్నీ నీలం రంగేసి చేపలు గీసింది. అందరికీ నచ్చింది. షావుకారు కూడా చూసి, "సిమెంటు పూసి ఆయిల్ పెయింటు కొట్టించండి. ముందు ఒక గోడ సేసి సూపించండి, బాగుంటే మిగతాయి నానే సేయిస్తాను" అన్నాడు. ఏళ్ల తరబడి ఉప్పు ఆనుకున్న ఇటుక, లోపలంతా ఉప్పే. మా మావ అలాంటి పాత ఇటుకలు తెచ్చి ఇల్లు కట్టాడు. సిమెంటు పూస్తే ప్రతి వానకీ ఉబ్బి ఊడిపోయేది. చివరికి దాన్ని గీకేసి ఉత్త సున్నం పూశాం. గోడ ఉప్పు కక్కుతుంటే ఊడ్చేసి ఏటేటా మళ్లీ పూసేవాళ్లం. ఇదంతా నాకు తెలుసు. మేడమ్ నా వైపు తిరిగారు. "గౌరీ, నువ్వేటంటావు?"

"దాన్నడుగుతారేటి మేడమ్? బిందెలు మోసీదానికి గోడల సంగతేటి తెల్సు?" అని షావుకారు నవ్వాడు.

ఆ మడుల్లో నాకు పని ఇచ్చేది ఆయనే. "నాకేటి తెల్సు మేడమ్, బాబుగారెలగంటే అలగే" అనేశాను. మేడమ్ ఎప్పటిలాగే నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు.

ఒక గోడకి సిమెంటు పూసి, నీలం పెయింటు కొట్టి, చేపలు వేశారు. రెండో వానకే ఆ నీలం గోడ పొక్కులు పొక్కులుగా లేచింది. చేపలు పెచ్చులై రాలి పడ్డాయి. "దీని కోసవా నాను ఇన్నాళ్లు ఆగింది?" అని షావుకారు వెళ్లిపోయాడు. స్వాతి పెచ్చులు ఏరుతూ ఏడ్చింది. మేడమ్ నన్ను బయటికి తీసుకెళ్లారు.

"నీకు ముందే తెల్సా?"

"తెల్సు మేడమ్."

"మరెందుకు సెప్పనేదు?"

"నాను సెప్తే ఎవులు ఇంటారు?"

"నాను అడిగేను కదే" అన్నారామె. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. తరవాత ఆమే, "నాకూ అనుమానం ఉంది. పుస్తకంలో సదివిందే. ఆయన ముందు నానూ గట్టిగా అననేదు. తప్పు ఇద్దరిదీ" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పిల్లల ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. మా ఇంటి గోడ సంగతి చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. మళ్లీ గీశారు. గోడలకి సున్నం, వాటికి మూరెడు దూరంలో పిల్లలు ఆనుకోవడానికి వెదురు తడికలు. మంచి ప్లాను అది. కానీ షావుకారు చూడలేదు. దసరా కాకముందే పెంకులు దింపేశారు. నా కూతురు ఇంకో రెండు వేసవులు గట్టు మీదే పడుకుంది. మేడమ్ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మరుసటి ఏడాది గరివిడి వైపు ఒక పాత రైసు మిల్లుకి పిల్లల్ని తీసుకెళుతూ నాకు కబురు పెట్టారు. "బిందె వొద్దు. నువ్వు రా" అని.

ఆ తరవాత పదమూడేళ్లు ఆమె తీసుకున్న ప్రతి బిల్డింగుకీ వెళ్లాను. ఇప్పుడు ఆమె స్థానంలో ఒక కుర్ర సారు ఉన్నారు. మంచివాడే. టేపు కొస నా చేతికిచ్చి, కొలత అయ్యాక థాంక్స్ చెబుతారు. అంతే. పోయిన నెల ఒక పాత సినిమా హాలులో పిల్లలు మెట్లకి నున్నటి టైల్స్ గీశారు. వానకి తడి కాళ్లతో ఎక్కేవాళ్లు జారిపడతారు. ఎవరైనా నా వైపు తిరుగుతారేమోనని చూశాను. అలా చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. ఎవరూ తిరగలేదు. "సారూ, ఒక్క మాట" అన్నాను. ఎవరికీ వినబడలేదు. రెండోసారి అన్నాను.