ఎవరి తప్పూ రాయని కాగితం

మా ముత్తాత వెంకటరాయణం గారు పన్నెండు ఊళ్ళ జమీందారు. తగువు వస్తే తప్పెవరిదో తేల్చందే లేచేవారు కాదు. ఆ రోజు మెట్రోలో నేనూ లాయరుకి ఫోన్లో అదే చెప్పాను: “తప్పు నా భార్యదని రాయందే విడాకుల కాగితం మీద సంతకం పెట్టను.”

ఆ ఉత్తరాది ఊళ్ళో నా తెలుగు ఎవరికీ అర్థం కాదనుకున్నాను, కానీ పక్క సీట్లో ఒకావిడ తెలుగులోనే అంది: “మేమూ నాలుగేళ్ళు అలాగే కొట్టుకున్నామండీ. చివరికి ఎవరి తప్పూ రాయకుండా ఇద్దరం కలిసి విడాకుల పిటిషన్ వేశాం. ఇవాళే ఆఖరి వాయిదా.”

“జనం తప్పు మీదే అనుకోరూ?”

“అనుకోనీండి. ఆయన లాయరు చేత నాలుగేళ్ళు అనిపించుకున్నాను, అలవాటైంది.”

దిగేముందు, తలుపు దగ్గర నిలబడ్డ భర్తకు ఆవిడ ఒక కవరిచ్చింది. “మీ ఆధార్ జెరాక్సులు. మర్చిపోతారని నేనే తీయించాను.” అతను నవ్వుతూ అందుకున్నాడు.

నేను లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నా స్టేషన్ దాటిపోయింది.

ఆ వారమే సంతకం పెట్టాను. మేమిద్దరం కాపురమున్న మయూర్ విహార్ ఫ్లాట్ అమ్మేశాం.