గుక్కలుగా వచ్చే కరెంటు

నా చేతిలోని మీటర్ తప్పు చెబుతోందని ముందుగా నా ముక్కుకు తెలిసింది.

మానుకోటలో అదొక చిన్న పిల్లల దవాఖాన. నెలలు నిండకుండా పుట్టిన మా చెల్లె కూతురు అక్కడ గాజుపెట్టెలో, నీలం లైట్ల కింద ఉంది. పైగా పచ్చకామెర్లు. ఆ గదికి కరెంటు వెళ్లే బోర్డు దగ్గర వైరు తొడుగు మాడుతున్న వాసన వస్తోంది. బోర్డులు, మోటార్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి, ఆ వాసన తగిలాక కాలు ఒకచోట నిలవలేదు. వేళ్ల వెనకవైపు ఆనించి చూశాను. చురుక్కుమంది.

మీటర్ పట్టి చూస్తే, ఆ వైరు మోయగలిగిన దానికంటే తక్కువ కరెంటే చూపించింది.

డాక్టరమ్మ మంచిదే. "వైరు మార్చాలంటే గది మొత్తం బంద్ చెయ్యాలె. ఇంతమంది పసిపిల్లలున్నరు. వాసన వస్తుందని ఎట్ల బంద్ చెయ్యమంటవు? మీటర్ల చూపెట్టు, ఇప్పుడే చేద్దాం" అంది.

చూపించదు, అదే నా బాధ. పాతకాలం బల్బులు కరెంటును సాఫీగా తీసుకునేవి. ఈ కొత్త లైట్ల చోకులు, యూపీఎస్‌లు గుక్కలు గుక్కలుగా లాగుతాయి. అప్పుడు అసలు కరెంటులో హార్మోనిక్స్ అనే వేరే అలలు కలుస్తాయి. నా చవక మీటర్ మాత్రం అంతా సాఫీగానే ఉందనుకుని, సగటు చూసి ఒక అంకె చెబుతుంది. వైరు ప్రతి గుక్కకూ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడికి సరిపోయే అంకె చెప్పేది ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్. అది జనగామలో పత్తిమిల్లులో పనిచేసే నా దోస్తు దగ్గర ఉంది.

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు, రైళ్లు ఆపేశారు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే బావ, మా చెల్లె పెనిమిటి, అక్కడే చిక్కుకుపోయి మాటిమాటికీ ఫోన్ చేస్తున్నాడు. "బావా, బిడ్డ ఎట్లున్నది?" వైరు సంగతి దాచి, బాగానే ఉందన్నాను. బండి తీశాను.

తొర్రూరు దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అంతకుముందు బంద్‌లో నేనూ అలాగే రోడ్డుకు అడ్డం కూర్చుని, పెళ్లివాళ్ల కారునే వెనక్కి మళ్లించిన మొనగాణ్ణి. ఇప్పుడు నా బండికి అడ్డం వచ్చినవాళ్లను చూస్తే ఒళ్లు మండిపోయింది.

"ఏందన్నా, గంత ఆగమైతున్నవ్? తెలంగాణ వద్దా నీకు?" అన్నాడొకాయన.

"తెలంగాణ గావాలె, మా చెల్లె బిడ్డ గూడ గావాలె! దవాఖానల వైరు కాలుతాంది!" అని అరిచాను.

అన్నం గంటె పట్టుకున్న ఒక అవ్వ లేచి వచ్చి, "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అందరినీ పక్కకు నెట్టింది. "కొడుకా, మల్ల గిటే రా. నేనీడనే ఉంట."

మీటర్ తీసుకుని తిరిగి వచ్చేసరికి, ఆమె ఎండలో రోడ్డు పక్కనే నిలబడి ఉంది.

అదే వైరుకు ఈసారి రెండు మీటర్లూ పట్టాను. దోస్తు మీటర్ నాదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు చూపింది. డాక్టరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసి, "బంద్ చెయ్" అంది. లైట్లు వచ్చేదాకా పిల్లలకు వెచ్చదనం తగ్గకుండా తల్లుల గుండెలకు కట్టమని నర్సుకు చెప్పింది.

అప్పటిదాకా చెల్లె తన బిడ్డను గాజులోంచి చూడటమే, ఒక్కసారీ ఎత్తుకున్నది లేదు. నర్సు పాపను తీసుకుని తెర వెనక్కి, చెల్లె దగ్గరికి వెళ్లింది. ఇవతల నేను బోర్డు విప్పాను. తొడుగు నల్లగా మాడి, చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. తొందరలో స్క్రూడ్రైవర్ మాటిమాటికీ జారుతోంది.

"అయిపోతాంది చెల్లే, ఇగ అయిపోతాంది. జర ఓపిక పట్టు" అంటూనే ఉన్నాను.

తెర వెనక నుంచి చెల్లె గొంతు, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మెల్లగా వినిపించింది.

"నిమ్మలంగ చెయ్యన్నా. నాకేం తొందర లేదు."