శుభలేఖలు చింపే పని

ఆదివారం కూడా ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. వారమంతా డ్యూటీ చేసిన ఒంటికి ఇవాళ సెలవని ఎవరు చెబుతారు? లేచి, మైదా ఉడికించి జిగురు చేసి, అది చల్లారేలోగా అమ్మకి టీ ఇచ్చి, ముందు గదిలో పాత దుప్పటి పరుచుకుని కూర్చుంటాను. చుట్టూ చిత్తు కాగితాలు. మా రైల్వే పార్సెల్ ఆఫీసులో ఊడి పడిన లేబుళ్లు, ఇక్కడి గోల్ బజార్ మిఠాయి డబ్బాల మీది కాగితం, సామాన్లకి చుట్టి వచ్చిన ఏ ఊరివో పాత పేపర్లు. వాటిని చింపి అట్ట మీద బొమ్మలుగా అంటిస్తాను. దీన్ని కొల్లాజ్ అంటారని చాలా రోజుల తర్వాత తెలిసింది. బుర్ర పెట్టక్కర్లేని పని ఏదో ఒకటి కావాలి నాకు, అంతే.

కత్తెర వాడను. చేత్తో చింపితే అంచున తెల్లటి నూగు లేస్తుంది. అది పక్క ముక్కలో చక్కగా కలిసిపోతుంది.

చిక్కల్లా రంగుతోనే వచ్చింది. లేబుళ్లన్నీ మట్టి రంగు. ఎన్ని అంటించినా బొమ్మ గూడ్సు బండిలాగే కనిపించేది. మా ఇంట్లో రంగులన్నీ ఒకే చోట ఉన్నాయి, అమ్మ మంచం కింద రేకు పెట్టెలో. అందులో ఉన్నవన్నీ శుభలేఖలు. పసుపు రాసిన కాగితాన్ని చెత్తలో వెయ్యకూడదని మావాళ్లందరూ దాస్తారు. అమ్మకి ఇంకో కారణం కూడా ఉంది. మా రైల్వే కాలనీలో పెళ్లయినా, సొంతూళ్లున్న విజయనగరం వైపు నుంచి కార్డు వచ్చినా, వేళ్లతో తడిమి చూసేది.

"అట్ట మందంగున్నాది. మన పిల్ల పెళ్లికి ఇలాటిదే కొట్టించాల" అని పెట్టెలో వేసేది. మన పిల్ల అంటే నేను.

నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఉద్యోగంతో పాటు క్వార్టరు, క్వార్టరుతో పాటు అమ్మా, తమ్ముడి చదువూ వచ్చాయి. సంబంధాలేమో అన్నీ విజయనగరం వైపువే, రాష్ట్రం దాటి వెళ్లాలి. "పిల్ల ఉద్యోగం మానీసి వస్తాదా?" అని అడిగేవారు. మానేస్తే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అడిగి అడిగి వాళ్లే మానేశారు. తమ్ముడు పెళ్లి చేసుకుని నాగపూర్‌లో ఉన్నాడు. నాకు యాభై దగ్గర పడుతోంది. పెట్టెలో కార్డులు మాత్రం పడుతూనే ఉన్నాయి. లేటయిన బండి రద్దయినట్టు కాదని అమ్మ లెక్క.

ఒక ఆదివారం ఉండబట్టలేక పెట్టె బయటికి లాగాను.

"అమ్మా, వీటిలో కొన్ని తీసుకోనా? చింపి బొమ్మలకి అంటిస్తాను."

"శుభలేఖలు చింపుతావా? మతి పోనాదేటి నీకు? రేపు ప్రెస్సువోడికి ఏటి చూపిస్తావు?"

రేపట! నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఎవరి పెళ్లమ్మా, ఎవరి ప్రెస్సు అని అరుద్దామనుకున్నాను. అరిచే ఓపిక లేక పెట్టెను మంచం కిందికి తోసేశాను.

తర్వాత తనే కొంచెం దిగొచ్చింది. ఆదివారం పూట పెట్టె ముందేసుకుని ఒక్కొక్క కార్డూ పరీక్ష చేసేది. "ఇది పల్చగున్నాది, మనకొద్దు. అచ్ఛా, ఇదీ తీస్కో, అక్షరాలు బాగాలేవు. వినాయకుడి మొకం మీద మాత్రం చెయ్యి పడకూడదు, చెప్తన్నాను." అలా నా పెళ్లికి పనికిరావని అమ్మ తీసేసిన కార్డులతో నా బొమ్మలకి రంగొచ్చింది. మంచివన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి. నాకు విసుగ్గా ఉండేది. ఇంకెన్నాళ్లీ నాటకం అనిపించేది.

ఈ వానాకాలం అమ్మకి జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మనిషి సగమైంది. మంచం దిగడమే కష్టమైన మనిషి, మొన్న ఆదివారం గోడ పట్టుకుని వచ్చి నా పక్కన దుప్పటి మీద కూలబడింది. పెట్టె తెమ్మంటే తెచ్చాను. అడుగు నుంచి ఎర్ర మఖమలు కార్డు తీసింది. అంత మందం కార్డు మా కాలనీలో మళ్లీ ఎవరూ వెయ్యలేదు. దాని మీది వినాయకుణ్ణి గోటితో నెమ్మదిగా ఊడదీసి, కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. కార్డుని చింపబోయింది. చేతుల్లో బలం చాల్లేదు.

"అటు కొస పట్టు. లాగు" అంది.

ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే పట్టుకుని లాగాను. కార్డు రెండు ముక్కలైంది.

"ఇదెందుకమ్మా? మందంగా ఉంది గదా?"

"ఉంటే ఉన్నాది. ఇంక సాలే. నాను అలిసిపోనాను."

ఏళ్ల తరబడి ఆ మాట కోసమే చూశాను. హాయిగా ఉండాలి కదా? ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ ఆశ నా నెత్తిన బరువనుకుంటూ ఇన్నాళ్లూ విసుక్కున్నాను. నాకింకా పెళ్లవుతుందని నమ్మే మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే. ఆ ఒక్కతీ నమ్మడం మానేసింది.

అమ్మ ఇంకో కార్డు తీసింది. అది దీనికంటే కాస్త పల్చన.

"అది వద్దమ్మా, ఉంచు" అన్నాను.

అప్పటికే సగం దాకా చింపేసింది.